రేడియేటర్ మూతా, ప్రెషర్ ట్యాంకా?

మారుతి 800 బానెట్ ఎత్తితే రేడియేటర్ మీదే మూత, పక్కన ప్లాస్టిక్ బాటిల్. ఫోక్స్‌వాగన్ పోలోలో రేడియేటర్‌కి మూతే ఉండదు. గుండ్రటి ప్రెషర్ ట్యాంకుకే మరమూత.

పాత పద్ధతిలో పనంతా మూతదే. కుక్కర్ వెయిట్‌లాగే దాని స్ప్రింగ్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. మూత మీద 0.9 (బార్, అంటే ఒత్తిడి కొలత) అని ఉంటే, నీళ్లు 100 దగ్గర కాక దాదాపు 119 డిగ్రీల దగ్గర మరుగుతాయి. వేడికి పొంగిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) స్ప్రింగ్‌ని తోసుకుని సన్న గొట్టంలోంచి బాటిల్‌లోకి పోతుంది. ఇంజిన్ చల్లారాక మూత మధ్యలోని బుల్లి వాల్వ్ తెరుచుకుని, అదే కూలెంట్ వెనక్కి వస్తుంది. ఆ వాల్వ్ పట్టేస్తే? కూలెంట్ వెనక్కి రాలేక గొట్టాలు లోపలికి నొక్కుకుపోతాయి. ఒకరోజు పొద్దున్నే చూస్తే నా బండి రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) పీల్చేసిన మామిడిపండులా చప్పిడిగా ఉంది. మూత మార్చగానే సరిపోయింది.

ఇందులో ఒక మోసం ఉంది. మూత రబ్బరు అరిగితే బాటిల్ నిండుగానే కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంటుంది.

పోలో పద్ధతిలో ట్యాంకు కూడా ఒత్తిడిలోనే ఉంటుంది. కూలెంట్ దాని గుండా తిరుగుతూ గాలి బుడగల్ని అక్కడే వదిలేస్తుంది. కాబట్టి కనిపించే లెవెల్‌ని నమ్మొచ్చు. కానీ ఏళ్లు గడిచాక ప్లాస్టిక్ పగిలితే ట్యాంకు మొత్తం మార్చాలి.

నా ఓటు ట్యాంకుకే. వేడి మీద మాత్రం రెండిట్లో ఏ మూతా తిప్పకండి.