పొగాకు రైతులను ఎక్కడికి తీసుకెళ్లాలి: ఏలూరు మెట్ట, ఒంగోలు నల్లరేగడి

పొగాకు మాని వేరే పంటకు మారమని చెప్పేందుకు వర్జీనియా పొగాకు రైతులను బస్సెక్కించి ఆయిల్‌పామ్ తోట చూపిస్తే బాగుందనే అంటారు. ఇంటికొచ్చాక మళ్లీ పొగనారు పోసుకుంటారు. పొగాకు వాళ్లకిచ్చేది ధర ఒక్కటే కాదు. పొగాకు బోర్డు వేలం కేంద్రంలో బేలు (ఆకు కట్ట) అమ్ముడైతే డబ్బు ఖాతాలో పడుతుంది, ఆ నమ్మకం మీదే అప్పు పుడుతుంది. కాబట్టి ఎక్కడికి వెళ్లినా రెండు సంగతులు తేలాలి: మొదటి మూడేళ్లు ఇల్లెలా గడుస్తుంది, పంట ఎవరు కొంటారు.

ఏలూరు వైపు వెళ్లాలంటే ఏప్రిల్ మంచిది. ఎండ మండిపోతుంది, నిజమే. కానీ బోర్ల అసలు సత్తా అప్పుడే తెలుస్తుంది, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వైపు పొగాకు వేలం కూడా చూడొచ్చు. వానాకాలంలో పచ్చటి తోట చూసి నీళ్ల లెక్క మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

మొదట పెదవేగి. ఏలూరుకు దగ్గర్లోనే భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. ముందుగా ఉత్తరం రాసి, పనిరోజుల్లోనే వెళ్లండి. అడగాల్సింది దిగుబడి కాదు, నీళ్లు. తొమ్మిది మీటర్ల త్రికోణ పద్ధతిలో ఎకరాకు 57 మొక్కలు. కాపుకొచ్చిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్లు తక్కువ కాకుండా కావాలి. అంటే ఎకరాకు 11,400 లీటర్లు, అదీ ప్రతిరోజూ. డ్రిప్ ఉన్నా ఏప్రిల్, మే నెలల్లో బోరు ఇంత ఇవ్వకపోతే ఆడపూత తగ్గి మగపూత పెరుగుతుంది. ఆ దెబ్బ వెంటనే కాక, ఏడాది దాటాక గెలల్లో కనిపిస్తుంది. అందుకే చాలామంది కారణం పోల్చుకోలేక ఎరువు మీద నెపం వేస్తారు.

నాలుగో ఏడు దాకా చెప్పుకోదగ్గ గెల ఉండదు. ఆలోగా వచ్చిన పూతను తుంచేయాలి, లేకపోతే కాండం బలపడదు. ఈ మూడేళ్లూ మొక్కజొన్న, కూరగాయలు, అరటి అంతరపంటగా వేసుకోవచ్చు. కొన్ని తోటల్లో ఆ ఖాళీలో పెరిగేది పొగాకే! దాన్ని దాచకుండా చూపించండి. ఉన్నపళంగా మానేయమంటే వినని రైతు, దశలవారీగా మానుకోవచ్చంటే వింటాడు.

కొనుగోలు విషయంలో ఆయిల్‌పామ్‌కు బలముంది. ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకో ముందే కేటాయించి ఉంటుంది, టన్ను ధర నెలనెలా ప్రకటిస్తారు. కోసిన 24 గంటల్లో మిల్లు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. సేకరణ కేంద్రం ఎంత దూరమో, బండి కిరాయి ఎవరిదో అక్కడి రైతునే అడిగించండి. కోకో లాభాల గురించి విన్నా తొందరపడొద్దు. 2024లో ఆకాశానికెక్కిన ధర 2025లో దిగివచ్చి రైతులు రోడ్డెక్కారు. ఆయిల్‌పామ్ నీడలో రెండో పంటగా సరే, దాన్నే నమ్ముకోకూడదు.

బసకు ద్వారకా తిరుమల అనువు. దేవస్థానం గదులు చవక, అన్నదానం ఉంది, తోటలూ దగ్గరే. శనివారాలు, పెళ్లి ముహూర్తాల రోజుల్లో మాత్రం గదులు దొరకవు. జంగారెడ్డిగూడెం లాడ్జీలు సాదాసీదావే అయినా ఉదయాన్నే వేలం చూడాలంటే అక్కడే ఉండాలి. రైలుకు భీమడోలు దగ్గర, కానీ ఎక్కువ బళ్లు ఆగేది ఏలూరులోనే. తోటల్లోకి ఆర్టీసీ బస్సు పోదు, మినీబస్సు మాట్లాడుకోక తప్పదు.

కౌలు రైతులకు మాత్రం ఈ యాత్ర వృథా. ముప్పై ఏళ్ల చెట్టును ఏడాది కౌలు భూమిలో ఎవరు నాటనిస్తారు? వాళ్లను మొక్కజొన్న చేలకు తీసుకెళ్లండి, కత్తెర పురుగును మొలక దశలోనే, సుడిలోకి దిగకముందే ఎలా పట్టాలో చూపించండి. బృందంలో పొగాకు గ్రేడింగ్ (ఆకును నాణ్యత చూసి వేరుచేసే) పనికి వెళ్లే ఆడవాళ్లు కూడా ఉండాలి. పొగాకు పోతే ముందు పోయేది వాళ్ల కూలే, ఆయిల్‌పామ్‌లో అన్ని పనిదినాలు లేవు.

ప్రకాశం మెట్ట రైతులను పెదవేగి తీసుకురావడం దండగ, అన్ని నీళ్లు ప్రకాశంలో లేవు. వాళ్లు జనవరి చివర్లో పర్చూరు, ఇంకొల్లు, నాగులుప్పలపాడు శనగ చేలు చూడాలి. ఒంగోలులో బస చేస్తే అన్నీ దగ్గరే. బోర్డు వేలం లేని బర్లీ (మరో రకం పొగాకు) రైతులకు పంట మార్చమనే మాట తేలిగ్గా చెవికెక్కుతుంది: 2025లో నల్ల బర్లీ కొనే నాథుడు లేక ప్రభుత్వమే సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. శనగలో జేజీ 11 రకం విత్తనం ఎకరాకు 25 నుంచి 30 కిలోలు, అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మధ్యలోపు, పదునులో వేయాలి. ఆలస్యమైతే గింజ కట్టే వేళకు తేమ ఉండదు. యంత్రంతో కోయాలంటే నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 రకం నయం. పొలం చూశాక ఒంగోలు చుట్టుపక్కల శీతల గిడ్డంగి ఒకటి తప్పక చూపించండి. ధర లేని ఏడాది శనగ అక్కడే పడి ఉంటుంది, అద్దె, వడ్డీ పెరుగుతుంటాయి. బస్తాకు నెలకెంతో అక్కడే కాగితం మీద వేయించండి.