రిటైరయ్యాక కర్నూలా, కడపా? నీళ్లు, ఆసుపత్రి, ఎండ లెక్కలో రెండు ఊళ్ల పరిశీలన

ఉద్యోగం ముగిశాక హైదరాబాదులోనో బెంగళూరులోనో బాడుగ కట్టుకుంటూ కూర్చోవడమెందుకు, సీమకే పోదామనుకునేవాళ్లలో చాలామంది ఈ రెండు ఊళ్ల దగ్గరే తేల్చుకోలేక ఆగిపోతారు. జాతీయ రహదారి 40 మీద నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటుకుంటూ పోతే కర్నూలు నుంచి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. రెండూ ఎండకు పేరుపడ్డవే. రెండుచోట్లా తెలుగులో ఉర్దూ కలిసి వినిపిస్తుంది. రెండుచోట్లా రైతుబజారు, వైద్య కళాశాల, బస్టాండు అన్నీ ఉన్నాయి. అయినా ఇవి ఒకే తీరు ఊళ్లు కావు. కర్నూలు హైదరాబాదు వైపు తిరిగిన ఊరు. కడప తిరుపతి, చెన్నై వైపు తిరిగిన ఊరు. మీ పిల్లలు, మీరు నమ్మిన డాక్టరు ఏ దిక్కున ఉన్నారో చూసుకుంటే సగం లెక్క అక్కడే తేలుతుంది. మిగతా సగం నీళ్లు, వానలు, ఇల్లు.

ముందు వైద్యం. ఇందులో కర్నూలుదే పైచేయి, అనుమానం అక్కర్లేదు. సర్వజన ఆసుపత్రి 1957లో మొదలైన మెడికల్ కాలేజీకి అనుబంధం. గుండె, మూత్రపిండాలు, నరాల విభాగాలు అక్కడే ఉన్నాయి. ప్రాంతీయ కంటి ఆసుపత్రి కూడా ఈ ఊళ్లోనే ఉంది. గద్వాల, అలంపూర్, రాయచూరు వైపు రోగులు కూడా ఇక్కడికే వస్తారు కాబట్టి ఓపీ దగ్గర రద్దీ తప్పదు. అయితే ఆ రద్దీ వల్లే ఊళ్లో ప్రైవేటు డాక్టర్లు, స్కానింగు సెంటర్లు, మందుల షాపులు గట్టిగా నిలబడ్డాయి.

కడపలో రిమ్స్ 2006లో వచ్చింది. పుట్లంపల్లి వైపు, ఊరికి ఒక పక్కన ఉంటుంది. జ్వరం, షుగరు, బీపీ, విరిగిన ఎముక, కంటి శుక్లం వరకు కడపలో ఇబ్బంది లేదు. జబ్బు ముదిరితే మాత్రం జనం తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో పోతారు. తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు, అంబులెన్సులో అటూ ఇటూగా మూడు గంటలు. పక్షవాతం వచ్చిన మనిషికి గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే పడాలి, దానికి ముందు తలకు సీటీ స్కాన్ తీయాలి. కడప నుంచి తిరుపతికి తీసుకుపోతే ఆ సమయంలో సగానికి పైగా దారిలోనే కరిగిపోతుంది. కాబట్టి కడపను ఎంచుకునేవాళ్లు రాత్రిపూట సీటీ స్కాన్, ఆ ఇంజెక్షను రెండూ ఊళ్లో ఎక్కడ దొరుకుతాయో కాపురం పెట్టిన మొదటి వారంలోనే ఆసుపత్రికి వెళ్లి అడిగి, కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోవాలి. స్టెంటు పడినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు కర్నూలు వైపే మొగ్గడం మంచిది. ఆరు నెలలకొకసారి పోయే ముందస్తు పరీక్షలైతే లెక్క తిరగబడుతుంది. వేలూరు డాక్టరుకు అలవాటుపడ్డ కుటుంబానికి కడపే దగ్గర.

ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఉన్న పెన్షనర్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకచోట. ఆసుపత్రి పేరు జాబితాలో ఉంటుంది, మీకు కావలసిన విభాగం ఉండదు. మోకాలి ఆపరేషనుకు అనుమతి ఉన్నచోట గుండెకు ఉండకపోవచ్చు. ఇల్లు చూసుకునే ముందే మీ జబ్బు పేరు చెప్పి, ఆ విభాగానికి అనుమతి ఉందా అని ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడగండి.

ఇక నీళ్లు. ఇది రెండు ఊళ్లకూ ప్రాణం మీద విషయమే, కారణాలు వేరు. కర్నూలు తుంగభద్ర ఒడ్డునే ఉన్నా వేసవిలో ఏటిలో రాళ్లు తేలతాయి. ఊరికి నీళ్లు ఎగువనున్న సుంకేసుల బ్యారేజీ నుంచి వస్తాయి. దాని నిల్వ 1.2 టీఎంసీలు. కేసీ కాలువ మొదలయ్యేది కూడా అక్కడే. పేరులోనే కర్నూలు, కడప రెండూ ఉన్న కాలువ అది. తుంగభద్ర డ్యాంలో నీళ్లు తగ్గిన ఏడాది సుంకేసుల అడుగంటుతుంది, అప్పుడు హంద్రీ మీది గాజులదిన్నె నీళ్లను ఊరికి మళ్లిస్తారు. కుళాయి రోజు విడిచి రోజుకు మారేది అలాంటి వేసవుల్లోనే.

కడపకు పెన్నా ఇసుకలో తవ్విన బావుల నుంచి, అంటే గండి, లింగంపల్లి నుంచి నీళ్లు తోడతారు. పైకి ఏరు ఎండిపోయినట్టు కనిపించినా ఇసుక కింద ఊట ఉంటుంది. ఇసుక వడపోసిన నీళ్లు కావడంతో రుచి బాగుంటుంది. కానీ ఏట్లో రెండు మూడేళ్లు ప్రవాహం లేకపోతే ఊట పడిపోతుంది, పెద్ద వరదొస్తే మోటార్లు, పైపులు దెబ్బతింటాయి. అంటే కడపలో కరువుకూ నీళ్ల కటకటే, వరదకూ నీళ్ల కటకటే.

ఇంట్లో ఏం ఉండాలో లెక్క సులువు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రమాణం. ఇద్దరికి 270, వారానికి 1,890 లీటర్లు. కాబట్టి మీ వాటాకు 2,000 లీటర్ల సంపు, మిద్దె మీద 1,000 లీటర్ల ట్యాంకు ఉంటే వారం పాటు కుళాయి రాకున్నా గడుస్తుంది. నాలుగు పోర్షన్లకు కలిపి ఒకే 3,000 లీటర్ల సంపు ఉన్న ఇంట్లో దిగవద్దు. వేసవిలో గొడవ మొదలయ్యేది అక్కడే, పెద్దవాళ్లు ఆ గొడవలో నెగ్గలేరు.

బోరు నీళ్లను వాడుకకే ఉంచుకోవాలి. అడ్వాన్సు ఇవ్వక ముందే ఒక లీటరు నీళ్లు పట్టించి పరీక్ష చేయించండి. తాగేనీటికి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, 1.5 ఆఖరి హద్దు. కాఠిన్యం 200 దాటితే గీజరు కాయిలు మీద తెల్లని పొలుసు కట్టి త్వరగా కాలిపోతుంది. ఆ పొలుసును ఆరు నెలలకొకసారి తీయించుకోవడం కొత్త గీజరు కొనడం కంటే చవక.

ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో రెండుచోట్లా 40 డిగ్రీలు దాటడం మామూలే. తేడా రాత్రుళ్లలో ఉంది. కడపకు మూడు దిక్కులా నల్లమల, పాలకొండల వరుసలు. గాలి ఆడదు, పొద్దుగూకినా ఉక్క తగ్గదు. కర్నూలులో ఏటి వైపు మైదానం తెరుచుకుని ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున కొంత చల్లబడుతుంది. ఉబ్బసం, గుండె నీరసం ఉన్నవాళ్లకు ఈ చిన్న తేడానే పెద్దది.

ఊరు ఏదైనా పై అంతస్తు వద్దు. పగలంతా కాలిన స్లాబు రాత్రి పది దాకా వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పడకగది పడమటి గోడకు ఉంటే అదీ వద్దు. నేల అంతస్తుకు వరద భయం ఉందని ముందు ముందు చెబుతాం. కాబట్టి మూడంతస్తుల ఇంట్లో లిఫ్టు ఉన్న మొదటి అంతస్తు అన్నిటికీ నప్పుతుంది. సొంతిల్లయితే ఫిబ్రవరి ఆఖరికల్లా మిద్దె మీద వేడిని తిప్పికొట్టే తెల్లరంగు రెండు పూతలు వేయించాలి. మేలో వేయిస్తే అప్పటికే స్లాబు కాలిపోయి ఉంటుంది, రంగు కూడా సరిగా అంటుకోదు.

నేల గురించి ఒక మాట. కడప నల్లరాయి, కర్నూలు వైపు బేతంచర్ల రాయి రెండూ నాపరాళ్లే. కాళ్లకు చల్లగా ఉంటాయి, ఈ ఎండకు అంతకన్నా మంచి నేల లేదు. కానీ పాలిష్ పెట్టిన నాపరాయి తడిస్తే జారుతుంది. స్నానాలగదిలో, వంటింటి తూము దగ్గర పాలిష్ లేని పలకలు వేయించండి. ఇవి సున్నపురాళ్లు, యాసిడ్‌తో కడిగితే పైపొర తినేస్తుంది. సబ్బునీళ్లు చాలు.

వరద దగ్గర మాత్రం ఊరి కంటే వీధి ముఖ్యం. కర్నూలులో తుంగభద్ర, హంద్రీ కలుస్తాయి. 2009 అక్టోబరు 2న రెండూ ఒకేసారి పొంగి పాతబస్తీని ముంచేశాయి. కింద శ్రీశైలం జలాశయం అప్పటికే నిండుగా ఉండటంతో నీళ్లు దిగడానికి చోటు లేకపోయింది. ఆ ఏడాది నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పాత ఇళ్ల వాళ్లు గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు బ్రోకరును కాదు, వీధి చివరి కిరాణా అంగడి ఆయన్ను అడగండి: "అన్నా, 2009లో ఇక్కడిదాకా వచ్చినాయా నీళ్లు?" ఆయన జవాబే సరైన సర్వే.

కడపలో అదే ప్రశ్న బుగ్గవంక గురించి అడగాలి. ఊరి మధ్యగా పారే ఈ వంక 2001 అక్టోబరులో ఊరి మీద పడింది. తర్వాత రక్షణ గోడలు కట్టారు. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు మళ్లీ వంక పక్క కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. కడపకు ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి కాబట్టి అక్టోబరు, నవంబరు నెలలు అక్కడ పరీక్షాకాలం. వంకకు నాలుగు వీధుల అవతల, కాస్త మెరకమీద ఉన్న కాలనీలో చూసుకుంటే ఆ బెంగ ఉండదు.

రాకపోకలు త్వరగా చెప్పేయవచ్చు. కర్నూలు నుంచి హైదరాబాదుకు జాతీయ రహదారి 44 మీద 210 కిలోమీటర్లు పైన, నాలుగు గంటలు. పొద్దున బయల్దేరి పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. కడప నుంచి అది రాత్రంతా ప్రయాణమే. బదులుగా కడప ముంబయి–చెన్నై ప్రధాన రైలు మార్గం మీద ఉంది. కర్నూలు వాళ్లు చెన్నైకి, ముంబయికి పోవాలంటే చాలాసార్లు గుంతకల్లులో రైలు మారాలి, సామానుతో వంతెన మెట్లు ఎక్కడం అరవై ఐదేళ్లు దాటాక చిన్న పని కాదు. కాచిగూడ నుంచి తిరుపతి వైపు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రెండు ఊళ్లనూ తాకుతుంది. కర్నూలుకు ఓర్వకల్లులో, కడపకు ఊరి పక్కన విమానాశ్రయాలున్నాయి. సర్వీసులు తక్కువ, వాటిని చూసి ఊరు ఎంచుకోవద్దు.

పొద్దుపోవడానికి కడపే మిన్న అని మా అభిప్రాయం. సీపీ బ్రౌన్ గ్రంథాలయం చదువరికి పెద్ద అండ. తాళపత్రాలు, పాత పత్రికలు చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలైనా గడపవచ్చు. దేవుని కడప గుడి, అమీన్ పీర్ దర్గా ఊళ్లోనే ఉన్నాయి, ఒంటిమిట్ట రామాలయం పాతిక కిలోమీటర్లే. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చి మొక్కుకోవడం చూసినవాళ్లకు ఈ ఊరి నెమ్మది ఏమిటో అర్థమవుతుంది. ఊరు చిన్నది, 2011 లెక్కల్లో మూడున్నర లక్షల లోపే. కోటిరెడ్డి సర్కిల్ నుంచి ఎటు పోయినా ఆటోలో పదిహేను నిమిషాలు. కర్నూలులో రద్దీ ఎక్కువ. అక్కడ రిటైరైనవాళ్లకు అనువైనది క్యాంపుల వైపు. 1953 నుంచి ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న మూడేళ్ల గుర్తుగా మిగిలిన పేటలవి. సి క్యాంపు రైతుబజారుకు నడిచిపోయేంత దూరంలో ఇల్లు దొరికితే వదలొద్దు.

స్థలం కొనేటట్టయితే బ్రోకర్ల మాటకు తొందరపడకండి. న్యాయరాజధాని అని, హైకోర్టు బెంచి అని మాట లేచినప్పుడల్లా కర్నూలులో ధర చెప్పే గొంతు పెరుగుతుంది. ముప్పై ఏళ్ల ఈసీ (స్థలం మీద అప్పులు, అమ్మకాలు చూపే పత్రం), లింకు దస్తావేజులు, లేఅవుటు అనుమతి చూడండి. కర్నూలులో అది కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ)ది, కడపలో అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థది. రెండు ఊళ్లలోనూ వక్ఫు, దేవాదాయ భూములు కలిసిపోయి ఉంటాయి కాబట్టి సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రారు కార్యాలయంలో తేల్చుకోండి. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములన్నీ కలిపి విలువలో 7.5 శాతం. ఈ మొత్తం పక్కన పెట్టకుండా బేరం కుదుర్చుకుని చివర్లో అప్పు చేసేవాళ్లు చాలామంది.

పెన్షను కాగితాలకు రెండు ఊళ్లలోనూ ట్రెజరీ ఉంది. పీపీవో (పెన్షను మంజూరు ఉత్తర్వు) నంబరుతో బదిలీ దరఖాస్తు పాత ట్రెజరీలో ఇచ్చి, రసీదు దగ్గర పెట్టుకోండి. బదిలీ పూర్తయ్యేదాకా పాత ఖాతా మూయవద్దు. పీఎఫ్ పెన్షనర్లకు కడప ఒక మెట్టు పైన, ప్రాంతీయ కార్యాలయం అక్కడే ఉంది. వయసు మీద పడ్డాక వేలిముద్రలు అరిగి, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన ప్రమాణ్ పత్రానికి యంత్రం వాటిని తీసుకోదు. ఫోనులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి నేర్చుకోండి. కేంద్ర పెన్షనర్లకు గడువు నవంబరు నెల, ఎనభై దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. ఓటు మార్పుకు ఫారం 8.

ఏ ఊరైనా మొదటి ఏడాది బాడుగ ఇంట్లోనే ఉండండి. కర్నూలు ఇంటిని ఏప్రిల్ మూడో వారంలో, మధ్యాహ్నం మూడు గంటలకు చూడండి. కుళాయి ఎన్ని రోజులకొస్తోందో, పడకగది గోడ ఎంత కాలుతోందో ఒక్కసారే తెలిసిపోతుంది. కడప ఇంటిని నవంబరులో, రాత్రంతా వాన పడి వెలిసిన పొద్దున చూడండి. వీధిలో నీళ్లు ఎటు పారుతున్నాయో, గేటు ముందు ఎంతసేపు నిలుస్తున్నాయో గమనించి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.