కళ్యాణదుర్గం పక్క కంప చెట్లు పీకి దున్నిచ్చే ట్రాక్టర్ బాడుగ

బీడు పడిన మా చేన్లో కంప చెట్లు అల్లుకుపోయింటే కళ్యాణదుర్గం పక్క ట్రాక్టర్, జేసీబీ రెండూ బాడుగకిచ్చే అన్నతో క్లీన్ చేయించినాం, పని మాత్రం సూపర్. కంపను పైపైన నరికితే మళ్లీ చిగురేస్తాది కదా, ఈయన మొద్దుతో సహా పెకిలించినాడు, డ్రైవర్ కిందికి దిగి గుంతలో వేర్లు మిగిలినాయేమోనని చేత్తో మట్టి తీసి మరీ చూసినాడు, అంత శ్రద్ధ ఎవరికుంటాది చెప్పండి. ఎండాకాలంలోనే లోతు దుక్కి దున్నించినాం, శెనక్కాయ పైరును తినే ఎర్ర గొంగళి పురుగు కోశాలు (మట్టిలో నిద్రపోయే ప్యూపాలు) బయటపడితే కొంగలు ట్రాక్టర్ ఎనకాలే ఏరుకు తింటాయి, శెనక్కాయ వేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. రాళ్ల నేలైతే రోటవేటర్ (గిరగిరా తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడి చేసేది) వద్దు, కల్టివేటరే (పళ్ల గొర్రు) అడగండి. ఇబ్బంది ఒకటే, ముంగారు (తొలకరి) వాన పడితే ఫోన్ ఎత్తడు, ఏప్రిల్, మేలోనే మాట్లాడుకోండి.