యాంటీబాడీ పనికి ఏ ఎలుక మేలు: తెల్ల బాల్బ్-సీనా, నల్ల బ్లాక్-సిక్సా?

ఎలుకలకు ఇండెంట్ రాసేటప్పుడు చాలామంది అడిగేది "ఏది ఎక్కువ యాంటీబాడీ ఇస్తుంది?" అని. టైటర్ (రక్తంలో యాంటీబాడీ ఎంతుందో చెప్పే కొలత) ఒక్కటే చూసి ఎంచుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. ప్లీహం (యాంటీబాడీ చేసే బీ కణాలు దొరికే అవయవం) తీశాక దాంతో ఏం చేయబోతున్నారో ముందు తేల్చుకుంటే ఎలుక ఏదో అదే తేలుతుంది.

రెండూ ఇన్‌బ్రెడ్ రకాలే. 20 తరాలపాటు వరసగా అన్నాచెల్లెళ్లనే జతకట్టిస్తే 98 శాతానికి పైగా జన్యుస్థానాల్లో రెండు ప్రతులూ ఒకటే అవుతాయి. అందుకే ఒకే రకంలో ఒకదాని కణాలు మరోదానికి ఎక్కించినా పరాయివిగా కనిపించవు. ఒక మినహాయింపు మాత్రం ఉంది. బ్లాక్-సిక్స్ ఆడ ఎలుక తన రకపు మగదాని చర్మాన్ని తిరస్కరిస్తుంది, కారణం వై క్రోమోజోమ్ ప్రోటీన్లు. కణాలు మార్చే ప్రయోగాల్లో ఆడామగా కలిపేసి తల పట్టుకునేది ఇక్కడే.

మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే కణం సంతతి చేసే ఒకే రకం యాంటీబాడీ) కావాలంటే మొగ్గు బాల్బ్-సీ వైపే. దీని వెనక ఒక చరిత్ర ఉంది. మైకేల్ పాటర్ ఈ ఎలుకల పొట్టలోకి మినరల్ ఆయిల్ ఎక్కించి ప్లాస్మా కణాల (యాంటీబాడీ చేసే కణాల) కంతులు, అంటే మైలోమాలు, పుట్టించాడు. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ హైబ్రిడోమా (ప్లీహ కణమూ మైలోమా కణమూ కలిసి ఆగకుండా పెరిగే కణం) చేసింది వాటిలో ఒక కంతి నుంచి వచ్చిన కణాలతోనే. నేటికీ వాడే ఎస్పీ2/0, ఎక్స్63-ఏజీ8.653 మైలోమా లైన్లు కూడా బాల్బ్-సీ సంతతే. ప్లీహమూ మైలోమా రెండింటికీ హెచ్-2డీ అనే ఒకే కణజాల గుర్తు ఉంది కాబట్టి హైబ్రిడోమాను బాల్బ్-సీ పొట్టలో పెంచి ఆసైటిస్ (యాంటీబాడీ నిండిన పొట్ట ద్రవం) తీయడం తేలికయ్యేది. ఇప్పుడు ఫ్లాస్కుల్లోనే పెంచే ల్యాబుకు ఆ లాభం అక్కర్లేదు. కల్చర్‌లో ఏ రకం ప్లీహమైనా మైలోమాతో ఫ్యూజ్ అవుతుంది (కలిసిపోతుంది). అయినా చేయి తిరిగిన పద్ధతులూ, కొలిచే రీఏజెంట్లూ బాల్బ్-సీకి సరిపడేలా ఉన్నాయి కాబట్టి, వేరే కారణం లేకుంటే దాన్ని వదలనక్కర్లేదు.

మామూలు పద్ధతి ఇలా ఉంటుంది. 6–8 వారాల ఆడ ఎలుకకు 10–50 మైక్రోగ్రాముల యాంటిజెన్‌ను (యాంటీబాడీ దేనిపై కావాలో ఆ పదార్థాన్ని) ఫ్రాయిండ్ కంప్లీట్ అడ్జువెంట్‌లో (చచ్చిన బ్యాక్టీరియా కలిపిన, స్పందన పెంచే నూనెలో) చిక్కటి ఎమల్షన్ చేసి, మొత్తం 200 మైక్రోలీటర్లు మించకుండా ఇవ్వాలి. ఎమల్షన్ చుక్కను నీళ్లలో వేస్తే చెదరకూడదు. చెదిరితే సరిగా కలవలేదన్నమాట. 2–3 వారాలకోసారి బూస్టర్ బ్యాక్టీరియా లేని ఇన్‌కంప్లీట్‌తోనే ఇవ్వాలి, కంప్లీట్ మళ్లీ ఇస్తే పుండ్లు పడతాయి. 20 గ్రాముల ఎలుకలో రక్తం ఒకటిన్నర మిల్లీలీటరు ఉంటుంది, పరీక్షకు ఒక్కసారికి 150 మైక్రోలీటర్లు దాటొద్దు. చివరి బూస్టర్ అడ్జువెంట్ లేకుండా, ఫ్యూజన్‌కు 3–4 రోజుల ముందు. ఆ రోజుల లెక్క తప్పితే, విభజన చెందుతున్న బీ కణాలు ప్లీహంలో పలచబడిపోయాక ఫ్యూజన్ చేసినట్టవుతుంది.

ప్లీహంలో సుమారు 10 కోట్ల కణాలు దొరుకుతాయి. 5 ప్లీహ కణాలకు 1 మైలోమా చొప్పున కలిపి, 50 శాతం పెగ్ 1500ను (కణపొరలను కలిపే రసాయనాన్ని) ఒక నిమిషంలో చుక్కచుక్కగా పోసి, ఆపై మీడియంతో మెల్లగా పలచన చేయాలి. తొందరపడి ఒక్కసారిగా పోస్తే కణాలు పగిలిపోతాయి. మైలోమాను ముందే 8-అజాగ్వానిన్‌లో (హ్యాట్‌ను తట్టుకునే మైలోమాలను చంపే మందులో) పెంచి ఉంచకపోతే హ్యాట్ మీడియంలో (ఫ్యూజ్ కాని మైలోమాను చంపే మీడియంలో) చావాల్సినవి బతికేస్తాయి. పాజిటివ్ వచ్చిన ప్లేటు గుంటను (వెల్‌ను) రెండుసార్లు క్లోన్ చేయకుండా (ఒక్కో కణాన్ని విడదీసి పెంచకుండా) ఫ్రీజ్ చేస్తే, యాంటీబాడీ చేయని కణాలు వేగంగా పెరిగి అసలువాటిని కప్పేస్తాయి.

మరి బ్లాక్-సిక్స్ ఎప్పుడు? మనిషి, ఎలుక రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉండే ప్రోటీన్‌పై యాంటీబాడీ కావాలంటే సాధారణ ఎలుక దాన్ని తనదే అనుకుని ఊరుకుంటుంది. ఆ జన్యువు తీసేసిన నాకౌట్ ఎలుక వాడాలి, నాకౌట్లలో చాలా భాగం ఈ నల్ల రకంలోనే దొరుకుతాయి. టీ కణాల పనిలోనైతే దీనికి సాటి లేదు: ఓటీ-1, ఓటీ-2 ఎలుకలు (టీ కణాలు దాదాపు అన్నీ ఒకే యాంటిజెన్‌ను గుర్తించేవి), ఎక్కించిన కణాలను వేరుగా పట్టిచ్చే సీడీ45.1 గుర్తు ఉన్న జోడీలు అన్నీ ఇందులో సిద్ధంగా ఉన్నాయి.

కానీ ఐసోటైప్ (యాంటీబాడీ ఉపరకం) దగ్గర ఒక గోతి ఉంది. బ్లాక్-సిక్స్‌లో ఐజీజీ2ఏ జన్యువే లేదు, దాని స్థానంలో ఐజీజీ2సీ ఉంది. బాల్బ్-సీకి కొన్న యాంటీ-ఐజీజీ2ఏతో ఎలైసా (యాంటీబాడీ కొలిచే పరీక్ష) చేస్తే సిగ్నల్ బాగా తగ్గుతుంది, ఆ ఐసోటైప్ టీహెచ్1 (కణాల్లో దాగిన క్రిములపై పోరాడే టీ కణాల) స్పందనకు గుర్తు కాబట్టి, దాన్ని చూసి "టీహెచ్1 స్పందన లేదు" అని తేల్చేస్తారు. నిజానికి ఈ రకం టీహెచ్1 వైపే మొగ్గుతుంది. లీష్మానియా మేజర్ పరాన్నజీవిని ఎక్కిస్తే బ్లాక్-సిక్స్ పుండు మాన్చుకుంటుంది, టీహెచ్2 (యాంటీబాడీల వైపు నడిపే స్పందన) వైపు జారే బాల్బ్-సీ మాన్చుకోలేదు. ఒకే టీకా రెండు రకాల్లో రెండు తీర్పులిస్తే ఆశ్చర్యపోకండి. బ్లాక్-సిక్స్ సబ్‌స్ట్రెయిన్ (ఉపరకం) కూడా రాసుకోండి: 6జేలో ఎన్ఎన్‌టీ జన్యువు దెబ్బతిని ఉంది, 6ఎన్‌లో కంటి లోపం తెచ్చే ఆర్‌డీ8 మ్యుటేషన్ ఉంది. నాకౌట్ ఒకదాంట్లో, కంట్రోల్ మరోదాంట్లో పెడితే ఫలితం దేనిదో తెలియదు.

ఒక రకంలో టైటర్ అసలు రాకపోతే అడ్జువెంట్ మార్చే ముందు ఎలుకను మార్చి చూడండి. 1965లో మెక్‌డెవిట్, సెలా ఒక కృత్రిమ పాలీపెప్టైడ్‌కు సీ57 (బ్లాక్-సిక్స్ వంశపు) ఎలుకలు గట్టిగా, సీబీఏ అనే మరో ఇన్‌బ్రెడ్ రకం ఎలుకలు చాలా బలహీనంగా స్పందించడం చూశారు. ఆ తేడా హెచ్-2 జన్యువులదని తర్వాత తేలింది. చిన్న పెప్టైడ్‌లకు ఈ సమస్య ఎక్కువ, కేఎల్‌హెచ్ అనే పెద్ద ప్రోటీన్‌కు జతచేస్తే చాలావరకు తీరుతుంది.

స్విస్ అనే మరో ఎలుక సంగతి చెప్పాలంటే, అది ఔట్‌బ్రెడ్, అంటే దగ్గరి చుట్టాలను జతకట్టించనిది. చవక, ఈనిన పిల్లలు ఎక్కువ, పాలీక్లోనల్ (చాలా రకాల యాంటీబాడీలు కలిసిన) సీరానికీ విషపరీక్షలకీ సరిపోతుంది. కణమార్పిడికి మాత్రం పనికిరాదు. ఎలుకకీ ఎలుకకీ తేడా ఉంటుంది కాబట్టి గుంపుకు ఎక్కువ ఎలుకలు కావాలి.

బ్లాక్-సిక్స్ నాకౌట్ ప్లీహాన్ని ఎస్పీ2/0తో ఫ్యూజ్ చేసినవారు ఆ హైబ్రిడోమాను జంతువులో పెంచక తప్పని స్థితి వస్తే, ఈ రెండు రకాల్లో ఏదీ దాన్ని ఒప్పుకోదు, ఎందుకంటే దానిపై హెచ్-2బీ, హెచ్-2డీ రెండూ ఉంటాయి. అప్పుడు రెండింటినీ కలిపి పుట్టించిన సీబీ6ఎఫ్1 ఎలుకకు ఇండెంట్ రాయాలి.