వారంలో అచ్చా, ఏడాది ఓపికా?

భీమవరం పక్కన రొయ్యల చెరువుల నీటి మీద మూడేళ్లు పనిచేసిన మా విద్యార్థిని ముందు, తన పరిశోధన పేపర్ అచ్చు వేయించుకోవడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, ఫీజు కడితే వారంలో వేస్తామని మెయిల్ పెట్టిన జర్నల్. పేపర్ ఎవరు చదువుతారో తెలియదు, తప్పు దొర్లితే దిద్దేవాళ్లుండరు. ప్రమోషన్ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అది ఎందుకు ఆశ పెడుతుందో నాకు తెలుసు.

రెండోది పీర్ రివ్యూ జర్నల్, అంటే అచ్చుకు ముందు అదే రంగం నిపుణులు పేపర్‌ను చదివి సమీక్షించే పత్రిక. ఏడాది పట్టినా పట్టొచ్చు. కానీ అక్కడ ఎవరి బాధ్యత వాళ్లకుంటుంది. రచయిత అంకెలు మార్చకూడదు, ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు చోట్లకు పంపకూడదు, పని చేయనివారి పేరు చేర్చకూడదు (ఈ చివరిదాంట్లో మా గైడ్లమే ముందు మారాలి). సమీక్షకుడు చేతికొచ్చిన ప్రతిని గోప్యంగా ఉంచాలి. రచయితతో బంధమో పోటీయో ఉంటే ముందే తప్పుకోవాలి. తప్పు బయటపడితే ఎడిటర్ దిద్దుబాటు వేయాలి, అవసరమైతే పేపర్‌నే ఉపసంహరించాలి. 1997లో బ్రిటన్‌లో మొదలైన పరిశోధన ప్రచురణల్లో నైతికత కోసం పనిచేసే కోప్ (COPE) సంస్థ మార్గదర్శకాలు ఇలాంటి విషయాలకే.

ఫీజు అడిగిన ప్రతిదీ మోసం కాదు. ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలోనూ చాలా వరకు రచయితల దగ్గర ఫీజు తీసుకుంటాయి. సమీక్ష నిజంగా జరుగుతుందా అన్నదే చూడాలి.

ఆ పేపర్‌లోని అమ్మోనియా అంకెలు నమ్మి రేపు ఆకివీడు రైతు తన చెరువు నీళ్లు మార్చొచ్చు. రెండోదానికే పంపమ్మా అన్నాను.