వలా? ఉపగ్రహమా?

నీళ్లతో కొట్టుకుపోయే బుల్లి జీవులు ప్లవకాలు. వాటిని లెక్కించడానికి వల మేలా, ఉపగ్రహం మేలా? గోదారి సముద్రంలో కలిసే భైరవపాలెం మొగ దగ్గర పడవ వెనక సన్నకన్ను వల లాగితే, సీసాలో మిగిలేది చారెడు గోధుమరంగు నీళ్లు. మైక్రోస్కోపు కింద పెడితే గాజు పెట్టెల్లాంటి నాచుకణాలు డయాటమ్‌లు, పొడవాటి మీసాల రొయ్యల చుట్టాలు కోపిపాడ్‌లు. ఏ జాతో పేరుపెట్టి చెప్పొచ్చు. లెక్కపెట్టేసరికి మెడ పట్టేస్తుంది, అదీ ఒక్క చోటి కథే.

2022లో ఎగిరిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం తీరం పొడవునా నీటి రంగు చూసి, నాచుకణాల్లోని పచ్చరంగు క్లోరోఫిల్ ఎంతుందో అంచనా కడుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వేటగాళ్లకు చేపల జాడ చెప్పేదీ ఇలాంటి డేటాతోనే. కానీ పైనీళ్లే కనిపిస్తాయి. వరద గోదారి వచ్చిందా, ఎర్రమన్ను లెక్క తప్పిస్తుంది. ఆ నెలల్లో మబ్బులూ అడ్డమే.

నీళ్లలోని డీఎన్‌ఏ చదివి ఏ జీవులున్నాయో చెప్పే పద్ధతీ ఇప్పుడు ఊపందుకుంది. శ్రావణంలో మొగ దగ్గరైతే నా ఓటు వలకే, కన్నులు బురదతో పూడినా సరే.