ముందు శబ్దం, తర్వాతే కదలిక: ఆర్‌సీ ట్రక్కులో ఇంజిన్ సౌండ్ మాడ్యూల్, రెండేళ్ల వాడకం తర్వాత

ఈ మాడ్యూల్‌లో ఎన్ని ఇంజిన్ శబ్దాలున్నాయో, ఎన్ని వాట్లో, లైట్లకి ఎన్ని పిన్నులిచ్చారో డబ్బా మీదే రాసి ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోను. 1:14 స్కేలు రిమోట్ కంట్రోల్ ట్రక్కులో రెండేళ్లుగా దీన్ని విప్పకుండా ఉంచడానికి కారణం ఒక్కటే. ఇది రిసీవర్‌కీ (రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టె), ఈఎస్‌సీకీ (మోటారు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్) మధ్యలో కూర్చుంటుంది. స్టిక్ తోస్తే ముందు ఇంజిన్ గొంతు లేస్తుంది, చక్రం ఆ తర్వాత కదులుతుంది. ఆ అర సెకను ఆలస్యం చాలు, నాలుగు కిలోల బండి నిండా సరుకు వేసుకున్న లారీలా కనిపించడానికి. దీనికి అలవాటు పడ్డాక వై-కేబుల్ మాడ్యూల్ పెట్టిన బండిని చూస్తే, డబ్బింగ్ కుదరని సినిమా చూస్తున్నట్టే ఉంటుంది.

వై-కేబుల్ పద్ధతిలో థ్రాటిల్ ఛానల్ పల్సు ఈఎస్‌సీకీ మాడ్యూల్‌కీ ఒకేసారి అందుతుంది. ఆ పల్సు పొడవే ఆజ్ఞ: 1500 మైక్రోసెకన్ల దగ్గర ఐడిల్ (న్యూట్రల్), 2000 వైపు వెళ్తే ముందుకు, 1000 వైపు వెళ్తే రివర్సు. కరెంటు మోటారు సున్నా వేగం దగ్గరే పూర్తి బలంతో లాగుతుంది. డీజిల్ ఇంజిన్ అలా లాగదు. ముందు ఆర్‌పీఎం రావాలి, క్లచ్ పట్టాలి, అప్పుడు బండి కదలాలి. ఎంత మంచి రికార్డింగ్ వేసినా ఈ వరస తప్పితే చెవి నమ్మదు. మధ్యలో కూర్చునే మాడ్యూల్ రిసీవర్ పల్సుని తన దగ్గరే ఆపుకుంటుంది. లోపల లెక్కల్లో ఒక ఇంజిన్‌ని తిప్పి, దాని వేగాన్ని బట్టి కొత్త పల్సు తయారుచేసి ఈఎస్‌సీకి పంపుతుంది.

సెట్టింగులు పేజీలకి పేజీలున్నా నిజంగా పనిచేసేవి నాలుగే. ఐడిల్ నుంచి ఫుల్‌కి పెరిగే సమయం ట్రైలర్ లేనప్పుడు 1.5 సెకన్లు, ట్రైలర్ తగిలిస్తే 3 సెకన్లు పెట్టాను. స్టిక్ వదిలాక కిందికి దిగే సమయం దానికంటే కాస్త ఎక్కువ. క్లచ్ పట్టే చోటు ఐడిల్‌కీ ఫుల్‌కీ మధ్య 15 శాతం దగ్గర బాగా కుదిరింది. 25 దాటిస్తే బండి నిలబడి అరిచి అరిచి ఒక్కసారి దూకుతుంది. 5కి దించితే వై-కేబుల్‌కీ దీనికీ తేడా తెలియదు. నాలుగోది బ్రేకు: దాని మీద ఆలస్యం సున్నా ఉండి తీరాలి. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో బ్రేకుకి కూడా అదే జడత్వం (మెల్లగా ఎక్కి దిగే ఆలస్యం) తగిలించి ఉంది. దాన్ని మార్చకుండా మొదటిసారి బయటికి తీసుకెళ్తే గోడ దగ్గరికొచ్చాక తెలుస్తుంది.

క్యాలిబ్రేషన్ వరస తప్పుగా చేసేవాళ్లే ఎక్కువ. ముందు ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్, సబ్‌ట్రిమ్, ఎక్స్‌పో (స్టిక్ సిగ్నల్‌ని సవరించే సెట్టింగులు) అన్నీ సున్నా చేసి, రెండు చివర్లూ 100 శాతం పెట్టాలి. చాసీని స్టాండ్ మీద ఎత్తి, మొదట మాడ్యూల్‌కి న్యూట్రల్, ఫుల్ ముందుకు, ఫుల్ వెనక్కి నేర్పాలి. ఆ తర్వాతే ఈఎస్‌సీని మాడ్యూల్ అవుట్‌పుట్‌కి తగిలించి దాని క్యాలిబ్రేషన్ చేయాలి. ఆ కాసేపటికీ జడత్వం, క్లచ్ రెండూ సున్నాకి దించాలి. లేకపోతే ఈఎస్‌సీ ఫుల్ పల్సు కోసం చూసే వేళకి మాడ్యూల్ ఇంకా మెల్లగా ఎక్కిస్తూనే ఉంటుంది, ఈఎస్‌సీ సగాన్నే ఫుల్ అనుకుని గుర్తు పెట్టుకుంటుంది. మాడ్యూల్‌లో ఇంజిన్ స్టార్ట్ అయి ఉండాలి కూడా, ఆగి ఉంటే ఏ పల్సూ దాటనివ్వదు.

ఈఎస్‌సీని ముందే రిసీవర్‌తో నేరుగా క్యాలిబ్రేట్ చేసి మధ్యలో మాడ్యూల్ దూర్చారనుకోండి. ఈఎస్‌సీ ట్రాన్స్‌మిటర్ ఇచ్చిన 1100–1900ని నేర్చుకుని ఉంటుంది, మాడ్యూలేమో 1000–2000 పంపుతుంది. అప్పుడు 80 శాతానికే మోటారు ఫుల్ అయిపోతుంది, శబ్దం మాత్రం ఇంకా ఎక్కుతూ ఉంటుంది. న్యూట్రల్ 1500 బదులు 1520 అని నేర్చుకుని ఉంటే నిలబడ్డ బండిలో మోటారు సన్నగా కూస్తుంది. ఈఎస్‌సీలో డ్రాగ్ బ్రేకు (స్టిక్ వదలగానే తనంతట తానే పట్టే బ్రేకు) కూడా తీసేయాలి. ఉంటే బండి సాఫీగా దొర్లుకుంటూ వచ్చి చివర్లో కుదుపుతో ఆగుతుంది.

ఇక అసలు జబ్బు. ఆరు నెలలు చక్కగా నడిచాక మొదలైంది. బయట ఇరవై నిమిషాలు నడిచాక, ఎత్తు ఎక్కుతూ స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు శబ్దం టక్కున ఆగిపోయేది. ఒక సెకను నిశ్శబ్దం, తర్వాత స్టార్టర్ మోటారు శబ్దం, మళ్లీ మొదటినుంచి ఇంజిన్. ఈలోపు బండి వెనక్కి జారేది. స్టిక్‌ని పూర్తిగా న్యూట్రల్‌కి తెచ్చి మళ్లీ తోస్తే తప్ప కదిలేది కాదు. బల్ల మీద పెట్టి గంటసేపు నడిపినా మాత్రం ఏ లోపమూ కనిపించేది కాదు.

స్టార్టర్ శబ్దమే పెద్ద ఆధారం. సిగ్నల్ పోతే ఇంజిన్ ఐడిల్‌కి దిగుతుంది, స్టార్టర్ వినిపించదు. స్టార్టర్ వినిపించిందంటే మాడ్యూల్ కరెంటు పోయి మళ్లీ వచ్చినట్టు. ఆ సెకనులో కూడా స్టీరింగ్ తిరుగుతూనే ఉంది, అంటే రిసీవర్ బతికే ఉంది. వోల్టేజీ పడుతోంది, కానీ మాడ్యూల్ పడిపోయేంతే పడుతోంది. బోర్డు మీద వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చే 1117 రకం రెగ్యులేటర్ ఉంది. 3.3 వోల్టులు ఇవ్వాలంటే దానికి పైన 1.1 వోల్టు దాకా మిగులు కావాలి, అంటే ఇన్‌పుట్ 4.4 కిందికి దిగకూడదు. మల్టీమీటర్ పెడితే 4.9 చూపిస్తూ కూర్చుంటుంది, క్షణంలో పడి లేచేది దానికి అందదు. ఆసిలోస్కోప్ పెడితే దొరికింది: స్టీరింగ్ చివరికి కొట్టుకున్నప్పుడల్లా దాదాపు పావు సెకనుసేపు 4.1 దాకా గుంట.

కారణం ఈఎస్‌సీ లోపలి బీఈసీ, అంటే బ్యాటరీ నుంచి రిసీవర్‌కీ సర్వోలకీ కరెంటిచ్చే భాగం. అది 5 వోల్టుల, 2 ఆంపియర్ల లీనియర్ రకం. 2ఎస్ లైపో (రెండు సెల్లుల లిథియం బ్యాటరీ) నిండుగా ఉంటే 8.4 వోల్టులు. మిగిలిన 3.4 వోల్టులూ వేడిగా పోవాల్సిందే. 2 ఆంపియర్లు లాగితే గోరంత చిప్పులో 6.8 వాట్ల వేడి. స్టీరింగ్ సర్వో (ముందు చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న మోటారు) ఇరుక్కుంటే ఒక్కటే 2 ఆంపియర్లు మింగుతుంది, అదే క్షణాన ఎత్తెక్కుతున్న ఇంజిన్ శబ్దానికి ఆంప్లిఫయర్ కూడా గట్టిగా లాగుతుంది. చల్లగా ఉన్నంతసేపు బీఈసీ ఓర్చుకుంటుంది. వేడెక్కాక తనని తాను కాపాడుకోవడానికి కరెంటు తగ్గించేస్తుంది. ఇరవై నిమిషాల లెక్క అక్కడినుంచే వచ్చింది. బల్ల మీద చక్రాలు గాలిలో ఉంటాయి, సర్వోకి భారమే లేదు, అందుకే అక్కడ దొరకలేదు.

చాలామంది చెప్పే మందు కెపాసిటర్. 4700 మైక్రోఫారడ్‌ది పెట్టి చూశాను, పని జరగలేదు, లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. 5 నుంచి 4.4 దాకా 0.6 వోల్టు తగ్గే లోపు అది 2 ఆంపియర్లని దాదాపు ఒకటిన్నర మిల్లీసెకన్లే మోయగలదు. గుంట పావు సెకనుది. ఆంప్లిఫయర్ కుదుపులకి కెపాసిటర్ సరిపోతుంది, ఇరుక్కున్న సర్వోకి చాలదు.

పనిచేసిన మార్గం ఇది. 5 వోల్టుల, 5 ఆంపియర్ల స్విచింగ్ యూబీఈసీని (మిగులుని అంతలా వేడి చేయని విడి బీఈసీ) బ్యాటరీ నుంచి నేరుగా రిసీవర్ బ్యాటరీ పిన్నుకి ఇచ్చి, సర్వోలూ లైట్లూ దాని మీదకి మార్చాలి. రిసీవర్ నుంచి మాడ్యూల్‌కి వచ్చే మూడు తీగల్లో ఎర్రదాన్ని కనెక్టర్‌లోంచి తీసేయాలి. కత్తిరించక్కర్లేదు. కనెక్టర్ పక్కనుండే ప్లాస్టిక్ నాలుకని సూదితో కాస్త లేపితే పిన్ను జారి వస్తుంది, దానికి హీట్‌ష్రింక్ తొడిగి వెనక్కి మడిచి కట్టాలి. సిగ్నల్ తీగ, నల్ల తీగ ఉండాలి. నల్లది కూడా తీస్తే పల్సుకి ఆధారం పోయి బండి పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఇప్పుడు మాడ్యూల్‌కి కరెంటు ఈఎస్‌సీ కేబుల్ ఎర్ర తీగ నుంచే వస్తుంది, పాత బీఈసీకి మాడ్యూల్ ఒక్కటే భారం. ఎర్ర తీగ తీయకపోతే రెండు బీఈసీలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, వోల్టేజీ కాస్త ఎక్కువున్నదే మొత్తం మోయాల్సొస్తుంది. ఒక జాగ్రత్త: మాడ్యూల్‌లో ఇన్‌పుట్ ఎర్ర పిన్నూ అవుట్‌పుట్ ఎర్ర పిన్నూ లోపల కలిసి ఉన్నాయో లేదో మల్టీమీటర్ బీప్ పెట్టి ముందే చూసుకోవాలి. కలిసి లేకపోతే ఈ పద్ధతి కుదరదు, మాడ్యూల్‌కి వేరే సరఫరా ఇవ్వాలి. యూబీఈసీని రిసీవర్ యాంటెన్నాకి వీలైనంత దూరంగా పెట్టి, దాని తీగలని ఫెర్రైట్ రింగు చుట్టూ ఐదు చుట్లు తిప్పాను. ఆ తర్వాత ఏడాదికి పైగా ఒక్క రీసెట్ కూడా లేదు.

మొదట్లో పొగిడిన ఆ ఏర్పాటే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. వై-కేబుల్ మాడ్యూల్ పడిపోతే శబ్దం ఒక్కటే పోతుంది, బండి నడుస్తుంది. ఇది పడిపోతే బండే ఆగిపోతుంది. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చేయాలన్న సెట్టింగ్) కూడా కొత్తగా చూసుకోవాలి. స్టాండ్ మీద ఫుల్‌లో ఉండగా ట్రాన్స్‌మిటర్ ఆపితే, ట్రైలర్ సెట్టింగ్‌లో చక్రాలు ఇంకా మూడు సెకన్లకి పైగా తిరిగాయి. రిసీవర్ తన వంతుగా న్యూట్రల్ పంపుతోంది, మాడ్యూలేమో డ్రైవర్ కాలు తీశాడనుకుని నింపాదిగా దించుతోంది. రిసీవర్ ఫెయిల్‌సేఫ్‌ని న్యూట్రల్ నుంచి 'పల్సు ఆపేయి'కి మార్చాక మాడ్యూల్ వెంటనే అవుట్‌పుట్‌ని న్యూట్రల్ చేస్తోంది. ఆ సదుపాయం లేని రిసీవరైతే జడత్వం తగ్గించుకోవడమే మంచిది.

స్పీకర్ గురించి క్లుప్తంగా చెప్తాను. వెనక డబ్బా లేని స్పీకర్ నుంచి రేకు శబ్దమే వస్తుంది, ఎందుకంటే ముందు అల, వెనక అల కలిసి కింది స్వరాల్ని చంపేసుకుంటాయి. గాలి చొరని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, తీగ వెళ్లే రంధ్రాన్ని కూడా గ్లూతో మూయాలి. కోన్‌ని వేలితో మెల్లగా నొక్కి వదిలితే నెమ్మదిగా పైకి రావాలి, టక్కున వస్తే ఎక్కడో లీకుంది. స్పీకర్ రెండు తీగల్లో ఏదీ చాసీకి గానీ నల్ల తీగకి గానీ తగలకూడదు. ఈ ఆంప్లిఫయర్లలో రెండు తీగలూ సిగ్నల్‌వే, గ్రౌండ్‌కి తగిలితే చిప్పు కాలుతుంది. శబ్దంలో కీచుమని మోటారు గోల వినిపిస్తే మాడ్యూల్‌ని తిట్టే ముందు మోటారు మీద మూడు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లున్నాయో చూడండి: టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు డబ్బాకి ఒక్కొక్కటి.

సొంత శబ్దం ఎక్కించేవాళ్లు ఐడిల్ లూప్ (ఆగకుండా మళ్లీ మళ్లీ మోగే శబ్దం ముక్క) దగ్గరే దెబ్బతింటారు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ 600 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి పది చుట్లు తిరుగుతుంది, రెండు చుట్లకి ఒక పూర్తి చక్రం, అంటే 0.2 సెకను. 22,050 హెర్ట్జ్ మోనో ఫైలులో అది 4,410 శాంపిళ్లు. లూప్ పొడవు దీనికి పూర్తి గుణిజం కావాలి. పది చక్రాలకి 44,100 శాంపిళ్లు, సరిగ్గా రెండు సెకన్లు. చక్రం మధ్యలో కోస్తే ఒక సిలిండర్ కొట్టుకోవడం మధ్యలో తెగుతుంది, రెండు సెకన్లకోసారి ఇంజిన్ కుంటినట్టు వినిపిస్తుంది. అల సున్నా గీతని దాటే చోటే కోయాలి, లేదంటే ప్రతి లూపుకీ 'టిక్'. ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి ఆ వేగంలో సెకనుకి 30 పేలుళ్లే. 30 హెర్ట్జ్ 40 మి.మీ. స్పీకర్ పలకలేదు, మనకి వినిపించేవి దాని పై స్వరాలే. అందుకే ఎడిటింగ్‌లో బాస్ పెంచితే బొంగురు పెరుగుతుంది గానీ బరువు రాదు. 150 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని ఫిల్టర్ చేసేస్తే అదే స్పీకర్ ఇంకా గట్టిగా, శుభ్రంగా పలుకుతుంది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇదే.

మెల్లగా నడిచే ట్రక్కు, మట్టి తవ్వే యంత్రం, ట్యాంకు లాంటివాటికైతే ఇదే పెట్టుకోమంటాను, విడి యూబీఈసీకి చోటుంటేనే. రాళ్లెక్కే క్రాలర్‌లో మాత్రం నేనైతే పెట్టను, అక్కడ అంగుళం అంగుళానికీ స్టిక్ మాట చక్రం వెంటనే వినాలి. రేసు బండికి అసలు వద్దు. నా వాడకం ఎక్కువగా చదును నేల మీద, మూడు గేర్లలో ఒకటీ రెండూ, వెనక ట్రైలర్. ట్రైలర్ లేకుండా ఒంటి బండే నడిపేవాళ్లకి 1.5 సెకన్లు కూడా ఎక్కువనిపించవచ్చు, 0.8 దగ్గర మొదలుపెట్టి చూడండి.